తోక తిరిగే వైపు

మణలి గోడౌన్లో ఆరో నంబరు డాక్ దగ్గర
పసుపు గీత ఒకటుంది.
ప్రతి ఆదివారం దాన్ని మళ్ళీ దిద్దేది కన్నియప్పన్,
కుంచె పట్టుకుని, చతికిలబడి,
ఎడమ కాలు ఒక పక్కకి చాపి.
ఆ బూటులో ముందు సగం
పాత గుడ్డలు కుక్కి ఉంటాయని
నేను చేరిన మూడో నెలకి గానీ తెలీలేదు.

బండి నేర్పింది ఆయనే.
మొదటిరోజు తాళం ఇవ్వలేదు.
"చుట్టూ తిరుగు" అన్నాడు, అరవం కలిసిన తెలుగులో.
తిరిగాను.
"ఇంకోసారి. ఈసారి చూస్తూ తిరుగు."
గొలుసు బిగువు, టైరు కోత, నేలమీద నూనె చుక్క,
బెల్టు కొక్కెం, బ్రేకు, హారన్ గొంతు,
రేకు మీద చెరిగిపోతున్న అంకె, రెండున్నర టన్నులు.
"అది బండి ఇచ్చిన మాట. జవదాటకు."

కారు లాంటిది కాదిది.
చూపు ముందుకి, మలుపు వెనక చక్రాలకి.
నువ్వు కుడికి తిప్పితే తోక ఎడమకి ఊడుస్తుంది.
ఏం ఊడుస్తోందో చీపురుకి తెలీదు.
ఆయన పాదం ఆ రోజు అక్కడే ఉంది.
తిప్పినవాడు పదేళ్ళ స్నేహితుడు,
అప్పుడే టీ తాగి ఎక్కాడు,
హారన్ కొట్టాననే అనుకున్నాడట.
ఇది చెప్పేటప్పుడు కన్నియప్పన్ నవ్వుతాడు.
"అనుకుంటే మోగదమ్మా హారన్."

బరువుతో వెళ్ళేప్పుడు నేలకి జానెడు ఎత్తు, అంతే.
సరుకు కళ్ళకడ్డమొస్తే వెనక్కి నడుపు,
వెనక్కి పోవడానికి నామోషీ ఏంటి?
ర్యాంపు మీద బరువెప్పుడూ ఎగువకే.
ఒరిగితే మాత్రం దూకకు.
దూకాలనే అనిపిస్తుంది, కాళ్ళు అబద్ధం చెప్తాయి,
బెల్టుని నమ్ముకుని, స్టీరింగు కరుచుకుని
పడే వైపుకి ఎదురు వాలు.

గుమ్మిడిపూండిలో ఐదు పది లోకల్ ఎక్కి
తిరువొత్తియూర్లో దిగి, షేర్ ఆటోలో
పప్పు బస్తాల్లా సర్దుకుని వస్తాను.
ఆడమనిషి బండెక్కిందని మొదట్లో
హమాలీలు పని ఆపి చూసేవాళ్ళు.
చూడనీ అనుకున్నాను,
నన్ను చూసేవాడు నా దారికి అడ్డం రాడు కదా.

కార్తీకం వానలో ఒక మధ్యాహ్నం.
నాలుగింటికి కంటైనరు కదలాలి.
మూడో అర మీద ఒక పెట్టె ఇరుక్కుంది.
ఒడిశా కుర్రాడు బికాష్ ఒక్క గెంతులో
ఫోర్కుల మీద నిలబడ్డాడు, చేతులు చాచి,
"ఎత్తు దీదీ, రెండే నిమిషాలు."
సూపర్‌వైజర్ సహాయరాజ్ గడియారం చూశాడు,
నన్ను చూశాడు, ఇటు తిరిగి నిలబడ్డాడు.
చూడనివాడికి బాధ్యత లేదనేమో.

నేను ఎత్తలేదు.
ఫోర్కులు నేలకే ఉన్నాయి, బ్రేకు వేశాను,
తాళం తీసి జేబులో వేసుకున్నాను.
చప్పుడు పోయాక రేకుల మీద వాన గట్టిగా వినిపించింది.
బికాష్ కాసేపలాగే నిలబడ్డాడు,
దిగాక నావైపు చూడలేదు.
మెట్ల బండి వెతికి తేవడానికి ఇరవై రెండు నిమిషాలు.
కంటైనరు వెళ్ళిపోలేదు గానీ
సంజాయిషీ ఇవ్వమని నాకో కాగితం వచ్చింది.
ఒకే వాక్యం రాశాను:
ఫోర్కుల మీద మనిషికి సీటు లేదు సార్.

ఆ కాగితం ఏమైందో తెలీదు.
బికాష్ ఇప్పటికీ నాతో పెద్దగా మాట్లాడడు.
వాడి బూట్లు మాత్రం చూస్తాను రోజూ,
రెండూ నిండుగా ఉన్నాయి.

రాత్రి తిరుగు ఆటోలో మలుపు రాగానే
నా బొటనవేలు ఒళ్ళోని టిఫిన్ డబ్బా మూతని
నాకు తెలీకుండానే నొక్కుతుంది.
పక్కావిడ అడుగుతుంది, ఏమైందని.
ఏం లేదంటాను.
మలుపు దాటాక వేలు తీస్తాను.